నాడా ముడి

పదమూడేండ్లప్పుడు మా అమ్మ కట్టింది మొదటి ముడి.
"బిగ్గెగట్టు, జారితే ఇజ్జత్ పోతది" అన్నది.
నలభై ఏండ్లు బిగ్గెనే కట్టిన.
లంగ జారలె.
ఎడమ దిక్కు, ముడి కూసునే జాగల
నల్లటి గీత పడ్డది.
పత్తి ఏరంగ, పిల్లల నెత్తుకోంగ,
ధర్మాబాద్ గిర్నీల మిర్చి తొడిమెలు తీయంగ
అది నాతోటే ఉన్నది, తీయరాని నగ లెక్క.

నిరుడు వానకాలం ఆ గీత పచ్చిగయ్యింది.
మిర్చి చెయ్యి తగిలిందనుకున్న.
మా చేతులు దేన్ని ముట్టినా మండుతది గద,
కన్ను, పసిపిల్ల చెంప, మొగని వీపు.
పసుపు పెట్టిన, కొబ్బరినూనె పెట్టిన,
ముడిని రెండు వేళ్ళు పైకి జరిపిన.
పుండు ఆడనే కూసున్నది,
వాకిట్ల అప్పులాయన కూసున్నట్టు.

నాందేడ్ల చిన్న ముక్క కోసి సీసాల వేసిండ్రు.
పన్నెండు దినాలు.
డాక్టరమ్మ మరాఠీల చెప్పింది,
మా ఆయన హిందీల అడిగిండు,
నేను తెలుగుల ఏడ్చిన.
"కాతడీచా" అన్నది ఆమె. తోలుకు వచ్చేదట.
తోలుకు సుత వస్తదా క్యాన్సర్?

రైలుల ఉమ్రి దాటేదాక ఇద్దరం కిటికీ దిక్కే చూసినం.
అప్పుడడిగిండు, మెల్లగ:
"బీడీ తాగవు, గుట్కా తినవు, ఏం చేసినవే?"
ఏం చేసిన?
చీరె కట్టిన.

చెయ్యి అయితే చూపిస్తం, కాలయితే చూపిస్తం,
నడుము ఎవరికి చూపిస్తం?
మూడు దినాలు గిర్నీకి పోలె.
నాలుగోనాడు పోసాని వచ్చి తలుపు గొళ్ళెం పెట్టింది.
"విప్పు" అన్నది.
విప్పిన.
అయ్యో అనలె. దేవున్ని తలువలె.
తన కొంగు పక్కకు జరిపి చూపించింది,
నా గీతే,
ఆమె నడుము మీద.

మరునాడు అన్నం గంటల
మిర్చి బస్తాల చాటుకు పదకొండు మందిమి,
సెల్లు లైటు పట్టుకొని
ఒకరి నడుము ఒకరం తడిమినం.
సిగ్గుకు కొందరు నవ్విండ్రు, ఘాటుకు అందరం తుమ్మినం.
ఛాయది మాత్రం గరుకుగ తగిలింది.
అప్పుడు ఎవ్వరం నవ్వలె.
పొద్దుగాల రైలుకు ఆమెను నేనే తోలుకపోయిన.
డాక్టరమ్మ గది నాకు ఎరుకే గద.

నా తొడ తోలు తీసి నా నడుముకు అతికిండ్రు.
నా అప్పు నేనే తీర్చుకున్న.
ఇంటికొచ్చినంక పట్టీ ఎవరు మార్చాలె?
పదకొండు జతల చేతులు, అన్నిట్ల మిర్చి.
పోసాని లెక్క కట్టింది:
వంతు వచ్చినామె ఆ దినం మిర్చి ముట్టదు,
ఆమె తట్ట మిగిలినోళ్ళు నింపుతరు.
సేటు గుణిగిండు. తూకం చూసి ఊకున్నడు.
సావిత్ర చేతులు మొద్దుగుంటయి,
పట్టీ గుంజితే ప్రాణం పోయేది.
అయినా ఆమె వంతే నాకు ఇష్టం,
మార్చినంతసేపు మొగని మీద చాడీలు చెప్పేది.

ఖాజా మియా దుకాన్ల నా లంగలన్నీ పోసిన.
నాడాలు గుంజేసి నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ కుట్టిండు.
ఎందుకని అడుగలె. పైసలు మాత్రం తీసుకున్నడు,
ఒక్కొక్కదానికి ఇరవై.
అది మంచిగనిపించింది.
రోగి దగ్గర ఒద్దంటరు,
గిరాకి దగ్గర తీసుకుంటరు.

మూడు నెలలకొకసారి రమ్మన్నరు, ఐదేండ్లదాక.
ఛాయ కాయిదం ఇంక రాలె.
రాత్రి భయమైతది, చెప్పను అబద్ధం.
అతికిన తోలు మీద చెయ్యి పెడితే
అది నాది కాదన్నట్టు మొద్దుబారి ఉంటది.
పొద్దుగాల చీరె కట్టంగ
వేళ్ళు ఇంక ముడి కోసమే వెతుకుతయి.

నిన్న గిర్నీల తట్ట లేపంగ
లంగ జానెడు జారింది.
అందరు చూసిండ్రు.
అమ్మా, ఎవ్వరి ఇజ్జత్ పోలె.
పోసాని వచ్చి పైకి గుంజి,
మిర్చి చెయ్యి అని యాదికొచ్చి,
నాలిక కరుచుకొని
మోచేతితోటి సర్దింది.