వంటింటి త్రాసు మీద

ఓట్స్ పిండి దులిపి, ముల్లు సున్నాకి తెచ్చి
నీ కెమెరా పెట్టాను టార్క్విల్,
పొడుగు లెన్సుతో సహా.
ముల్లు ఉలిక్కిపడి
రెండు కిలోల మూడువందల నలభై దగ్గర నిలబడింది.
నాది పెడితే ఆరువందల పది.
తీసివేత కాగితం మీద చేయలేదు,
నా కుడి మోకాలే చేసి చెప్పింది.

ఆ తేడా అంటే ఏమిటో చూద్దామని
నా దాని పక్కన ఒక్కొక్కటే పేర్చాను.
ఫ్లాస్కు నిండా టీ,
జున్ను ముక్క,
ఉన్ని చేతితొడుగులు,
వాన కోటు.
ఇంకా నీ అంకె అందలేదు.
నిన్నటి పళ్ళ కేకులో సగం కోసి పెట్టాక
అప్పటికి సరితూగింది.
అంటే నీ కెమెరా మోసిన రోజు
నేను తడిసి, వణికి, ఆకలితో దిగాలన్నమాట.

నువ్వనేవాడివి:
"సందెచీకట్లో తిరిగే వాటికోసం
పెద్ద కన్ను కావాలి ఇష్‌బెల్,
గుడ్లగూబని చూడు."
నేననేదాన్ని:
"గుడ్లగూబ తన కంటిని
వీపున కట్టుకుని కొండెక్కదు."

కాదనను. నీ సెన్సర్ నాదానికి నాలుగింతలు.
తెల్లారగట్ల వెలుతురు
చినుకు చినుకుగా రాలేటప్పుడు
నీది గంగాళం, నాది చెంబు.
నువ్వు తీసిన మంచుకోడి
నా వంటింటి గోడ మీదే ఉంది.
ఈకలు లెక్కపెట్టొచ్చు.
ఒకసారి పెట్టాను కూడా,
కుక్కర్ కూత కోసం ఎదురుచూస్తూ.

కానీ కిందటి మార్చి గుర్తుందా,
కెయిర్న్‌గార్మ్ మీద మంచు ముందే కరిగిపోయి
కొండకుందేలు మాత్రం ఇంకా తెల్లగానే
ఎండిన హెదర్ పొదల మధ్య
ఎవరికీ కనపడటం లేదనుకుని కూర్చుంది.
అంత నమ్మకంగా దాక్కున్న ప్రాణిని
నేను మళ్ళీ చూడలేదు.
నువ్వు కింద వాగు దగ్గర
పట్టీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటున్నావు.
నేను జేబులోంచి తీసి నొక్కాను.
పొద్దు కుంకింది, చేయి చల్లబడింది,
బొమ్మ నిండా నూకలు.
నువ్వు కళ్ళజోడు పైకి తోసి
"ఇది కుందేలా, ఉప్మానా" అన్నట్టు చూశావు.
నీ దగ్గర మాత్రం
ఆ సాయంత్రానికి నూకలైనా లేవు.

ఇన్వర్నెస్‌లో కీలు మార్చాక
డాక్టరమ్మ మెత్తగానే చెప్పిందట:
బజారు దాకా సరే, చెరువు గట్టు దాకా సరే.
కొండ మీద నీకు నూకలు చెల్లాయని
ఆ మాట వాడలేదు గానీ
నువ్వు అలాగే విన్నావు.
ముప్ఫై చలికాలాలు
మంచు తోసే లారీ నడిపినవాడివి,
దారి మూసుకుపోవడం అంటే ఏమిటో
నీకొకరు చెప్పాలా!
మర్నాడే కెమెరాని టీ తువ్వాల్లో చుట్టి తెచ్చి
"దీన్ని అటకెక్కించకు" అని
గుమ్మంలోనే తిరిగి వెళ్ళిపోయావు.
మెట్టు దిగేటప్పుడు గోడ పట్టుకున్నావు.
నేను చూడలేదనుకున్నావు,
ఆ కుందేల్లాగే.

ఇప్పుడు నాలుగున్నర.
రేడియోలో గాలి యాభై మైళ్ళంటున్నారు.
బల్ల మీద నీదీ, నాదీ, సగం కేకూ.

చివరికి ఏం చేశానో వింటే తిడతావు.
నీ పొడుగు లెన్సు విప్పి బీరువాలో పెట్టాను.
ఎప్పుడో నీ పెళ్ళికి తీసుకొచ్చానన్న
ఆ పాత పొట్టి లెన్సు తగిలించాను.
ముల్లు పదకొండువందల దగ్గర నిలిచింది.
ఇది నీకూ నచ్చదు, నాకూ నచ్చదు.
కేకు మాత్రం సంచిలోకి వచ్చింది.

దీంతో తీస్తే కుందేలు నూకంతే పడుతుంది, తెలుసు.
కొండ మాత్రం మొత్తం పడుతుంది.
వాగూ, నువ్వు పట్టీ మార్చుకున్న బండా,
ఆ పైన నువ్వింక ఎక్కని మేరంతా.
పెద్ద కాగితం మీద అచ్చు వేయించి తెస్తాను.
భూతద్దం నీ సొరుగులోనే ఉందిగా,
వెతుక్కో.
ఎక్కడ కూర్చుందో
నేను చెప్పను.