పోగు దొరికేదాకా

పేరు: తొగట చౌడమ్మ.
వయసు: నలభై రెండో మూడో.
పని: అచ్చులు అతకడం.
ఫర్హానా పాపకు ఆ మాట మిషన్లో దొరకలే,
'ఇతరములు' అని నొక్కింది.

ధర్మవరం పెద్దాసుపత్రి, మేడమీద మూలగది.
ఆమె ఒళ్లో పలక మాదిరి మిషను.
'అందర్నీ ఒకే ప్రశ్నలు అడగదక్కా,
నువ్వు చెప్పిందాన్ని బట్టి తర్వాతది ఏరుకుంటాది.'

జకార్డు గుర్తొచ్చింది నాకు.
అట్టలో బెజ్జముంటే పోగు లేస్తాది, లేకుంటే లేదు.
కానీ ఆ వరస ఎవుడో ముందే కుట్టి పెట్టింటాడు,
నెమలి తర్వాత మామిడిపిందె, మళ్లీ నెమలి,
నేసేవాడు ఏడ్చినా అంతే.
ఇదేమో నా మాట విని అట్ట మార్చుకుంటాదంట.

గడిచిన రెండు వారాల్లో, అనింది.
మా లెక్కలో చీరన్నర.
నిద్ర పట్టకపోవడం:
అసలు లేదు, కొన్ని రోజులు, సగానికి పైగా, దాదాపు రోజూ.
సగమంటే ఏ సగం పాపా, పగలా, రేయా?
ఆమె నవ్వలే.
రోజూ అన్నా.

అంతే, నిద్ర సంగతి ఇడిసిపెట్టింది.
ఆకలి అడుగుతాదనుకుంటే
ఒక్కసారి దూకి,
ముందు ఇష్టంగా చేసిన పని ఇప్పుడూ ఇష్టమేనా అనింది.

నాలుగు వేల పోగులు.
పాత కొస, కొత్త కొస, మధ్యన రవంత బూడిద,
బొటనేలు చూపుడేలు ఒక్క తిప్పు.
యాడ అతికిందో కన్ను కూడా పట్టదు.
ఉగాది దాటినాక ఒకనాడు
పోగు పట్టుకొని అట్లే కూచుండిపోయినా.
అతకల్లని తెలుసు. ఎందుకతకల్లో తెలీదు.
సావుకారి మనిషి చూసి పోయినాడు.
బిడ్డ పెట్టి పోయిన టీ మీద మీగడ కట్టింది.
ఇదంతా ఆ నాలుగు మాటల్లో యాడ పడతాది?
రోజూ అన్నా.

నాకంటే ముందు పోయినామెకు ఆరు ప్రశ్నలకే అయిపాయె.
నాకు పదకొండు, పన్నెండు.
బోరు పాయింటు చూసేవాడు అరచేతిలో టెంకాయ పెట్టుకొని
చేనంతా వదిలి ఒకే చోట చుట్టూ చుట్టూ తిరుగుతాంటే
మా నాయన ఊపిరి బిగబట్టేవాడు.

ఏం జరిగిందని మాత్రం అడగలే.
ఇంట్లో అందరూ అడిగిందదే:
ఎవురేమన్నారు, ఏం తక్కువాయె, ఎవురి దిష్టి.
ఏమీ జరగలే.
ఆ మాట చెప్పుకోలేకనే కదా నోరు మూతబడింది.

పదమూడోది చదివేటప్పుడు ఫర్హానా గొంతు తగ్గింది.
బతికేం లాభమని ఎప్పుడైనా...
కిటికీ దిక్కు చూసినా.
కింద ఎవరిదో సైకిలు పడుంది, ఎవరూ లేపలే.
కొన్ని రోజులు, అన్నా.

మిషను ఇంక అడగలే.
తెర మీద ఒక నంబరు, పక్కనే ఇంకో చిన్న నంబరు.
'ఆ చిన్నదేంది?'
'తన లెక్క ఎంతవరకు తప్పయ్యుండచ్చో చెప్పుకుంటాదక్కా.'

తన తప్పు తానే చెప్పుకునేదాన్ని
మా ఇండ్లల్లో నేనింతవరకు చూళ్లా.

'ఒంటిగంటకు డాక్టరొస్తాడు, అందాకా నా కాడే ఉండు' అనింది.
మిషను మూసి, కుర్చీ దగ్గరికి జరిపి,
అచ్చు అతకడమంటే ఏందక్కా అనింది.
ఆమె చున్నీ కొసన లేచిన రెండు పోగులు పట్టి చూపించినా.
బూడిద లేదు కదా, నిలవలే.
ఇంకోసారి తిప్పినా.