ఎంత, ఎందుకు

ఇరవై రెండేళ్లుగా నల్లబల్ల మీద
ఒకటే మాట రాస్తూ వచ్చాను:
బట్టీ పట్టకండి, అర్థం చేసుకోండి.
కవిటి దగ్గర, కొబ్బరితోటల నడుమ మా బడి.
కిటికీలోంచి సముద్రం కనపడదు,
వినపడుతుంది.

గురుత్వ త్వరణం తొమ్మిది పాయింట్ ఎనిమిదని
గడగడా అప్పజెప్పినవాణ్ణి
"అయితే ఏటి?" అని నిలబెట్టేవాణ్ణి.
కొబ్బరికాయ కిందకే ఎందుకు రాలుతుందో చెప్పు,
అంకె సంగతి తర్వాత.
అంకె జీడిపిక్క పెంకు,
అర్థం లోపలి పప్పు.
నేనలాగే అనేవాణ్ణి. చప్పట్లు కూడా కొట్టేవారు, ఇన్‌స్పెక్షనుకొచ్చినవాళ్లు.

మా ఊరి టీకొట్టు దగ్గర పలకరింపు వేరు.
"ఎంతుంది?"
"నాలుగూ ఆరు."
"మొన్న మూడున్నరే గదా?"
"అవును మరి."
వాన లెక్క కాదు, కొబ్బరి ధర కాదు.
క్రియాటినిన్.
వేలిముద్ర తప్ప సంతకం రాని దాలమ్మ
ఆ మాట పొల్లుపోకుండా పలుకుతుంది,
పాయింటు తర్వాతి అంకెతో సహా.

ఎందుకొస్తోందో మాత్రం ఎవరూ చెప్పరు.
నీళ్లంటారు. తోటల్లో కొట్టిన మందులంటారు.
ఎండంటారు, నొప్పిబిళ్లలంటారు,
ఆ వీధి శాపమని మా పిన్నత్త అంటుంది.
జీపుల్లో వచ్చినవాళ్లు మా మట్టీ, మా బావినీళ్లూ, మా ఉచ్చా
సీసాల్లో పట్టుకెళతారు.
మళ్లీ అంకెలే వస్తాయి.

జీవశాస్త్రం మేడమ్‌కి బదిలీ అయిన ఏడు
విసర్జన పాఠం నా నెత్తిన పడింది.
చిక్కుడుగింజంత బొమ్మని గుమ్మడికాయంత గీసి
లక్షల జల్లెడలర్రా అన్నాను,
ఉప్పు ఎటు పోతుందో, నీరు ఎటు తిరిగొస్తుందో
బాణాలు గీశాను.
నా జన్మలో అంత బాగా చెప్పలేదు.
"అర్థమైందా?"

వెనక బెంచీలోంచి బృందావతి లేచింది.
"అయ్యింది సార్.
జల్లెడ ఎలాగ పన్జేస్తాదో తెలిసింది.
మా అయ్యకి ఎందుకు పాడయిపోనాదో సెప్పండి."

చేతిలో సుద్దముక్క.
సముద్రం వినపడింది.
ఆ పిల్లే నన్ను గట్టెక్కించింది:
"పోన్లెండి సారూ, పరీచ్చకి రాదు గదా."

తర్వాత ఆమె లెక్కల నోటు దిద్దుతుంటే
చివరి పేజీల్లో గళ్లు.
తేదీ. అయ్య బరువు. తాగిన గ్లాసులు.
బొటనవేలితో కాలు నొక్కితే
సొట్ట పూడేసరికి తను ఎంతవరకు లెక్కపెట్టిందీ.
ఒకచోట ఎర్ర గీత, కింద వంకర అక్షరాలు:
యాబై మూడు దాటితే రాత్రి పడుకోలేడు.
యాబై రెండున్నరకే ఆటో పిలవాల.
ఎవరు చెప్పారే అని అడిగాను.
"ఎవుల్లూ సెప్పలేదు. రాస్తంటే తెలిసింది."

లోకనాథం ఇంకా బతికున్నాడు,
మంగళవారం, శుక్రవారం పలాస వెళ్లొస్తాడు.
ఆ గళ్లని పెంకు అనడానికి
నాకు నోరు రాలేదు.
పెంకులోనే కదా జీడి ఉండేది,
చెయ్యి కాల్చేది.

ఒక సంగతి ఇంతదాకా దాచాను.
నా చొక్కా జేబులో మూడువారాలుగా
మడత విప్పని చీటీ ఒకటుంది.
ఎందుకో తెలియనప్పుడు ఎంతో తెలిసి లాభమేమిటని
నా సిద్ధాంతం నాకే అప్పజెప్పుకున్నాను.
భయాన్ని సిద్ధాంతం అనడం
చదువుకున్నవాళ్లకి తేలిక.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్లాక విప్పాను.
ఒకటి పాయింట్ తొమ్మిది.
కొత్త నోటు తీసి, స్కేలు పెట్టి,
బృందావతి గీసినట్టే గళ్లు గీశాను.
తేదీ. బరువు. గ్లాసులు. అంకె,
పాయింటు తర్వాతిది కూడా.
చివర ఒక గడి ఎక్కువ గీసి
పైన "ఎందుకు" అని రాసి
ఖాళీగా వదిలాను.