రెండు సెకన్ల బొమ్మ

తొంభై కిలోమీటర్ల వేగంతో వచ్చే కంటికి
మా ఊరు రెండు సెకన్లు.
ఆ తర్వాత వంతెన, యూకలిప్టస్ తోపు, స్పెయిన్ సరిహద్దు.
ఆ రెండు సెకన్లలోకి
ఆరు వందల ఏళ్లని మడతపెట్టి ఇమ్మని
మునిసిపాలిటీ నాకు పని ఒప్పజెప్పింది.

నిబంధనలు ఒక పేజీ.
ముదురు గోధుమరంగు పలక, తెల్లని బొమ్మ.
వేలికంటే సన్నని గీత పనికిరాదు.
మనిషి ముఖం ఉండకూడదు.
అక్షరం అసలే ఉండకూడదు.
పేటలు మూడు. గడువు ఈస్టర్ లోపు.

బెలర్మీనో గారు ఫైలు మీద పెన్ను తాటిస్తూ అన్నారు:
"మూడింటికీ కోట గీసెయ్యమ్మా,
జనం వచ్చేది కోటకే కదా."
మా కోటకి మిగిలింది ఒక్క బురుజు.
అందులో పావురాలూ, మొబైల్ టవరూ కాపురం.

మొదట ఎగువపేట.
నలభై రెండు ఇళ్లు, ఒకదాని భుజం మీద ఒకటి.
గీసినవి తుడవడమే పనంతా.
కిటికీలు తీశాను. పూలకుండీలు తీశాను.
ఆరేసిన దుప్పట్లకి మనసొప్పలేదు, అయినా తీశాను.
బాల్కనీలో పొద్దస్తమానం నిలబడి
దారిన పోయేవాళ్ల పేర్లన్నీ పైకి చదివే
ఎర్మెలిందా అవ్వని కూడా తీసేశాను.
చివరికి మూడు ఇంటికప్పులు,
అక్షరాలు జారిపోయాక మిగిలిన తలకట్లలా.

రెండోది తోళ్లపేట.
ఏటి ఒడ్డున రాతి తొట్లు. ఇప్పుడు వాటిలో వాననీళ్లూ కప్పలూ.
చట్రానికి బిగించిన తోలు గీశాను.
పెట్రోలు బంకు దగ్గర లారీ డ్రైవర్లకి
రెండు సెకన్లు చూపించి కాగితం బోర్లించేదాన్ని.
"గబ్బిలం" అన్నాడొకడు.
"చొక్కా. లాండ్రీ ఉందా అక్కడ?" అన్నాడింకొకడు.
మూడోవాడు బొమ్మ చూడనే లేదు, నా గొడుగు బాగుందన్నాడు.

ఆ తొట్లలో పనిచేసినవాళ్లలో ఆఖరివాడు జుల్మీరో తాత.
కాగితాన్ని చేయంత దూరం పెట్టి చూసి నవ్వాడు.
"బాగానే ఉంది. కంపేదీ?
అమావాస్య రాత్రి కళ్లు మూసుకున్నా
ముక్కు పట్టుకుని వచ్చేసేవాళ్లు మా పేటకి.
పిల్లనిచ్చేవాళ్లు వంతెన దాకా వచ్చి
అక్కణ్నుంచే దణ్ణం పెట్టి పోయేవాళ్లు.
మాకు బోర్డెందుకమ్మా అప్పుడు?"
బల్ల మీద ఆనించిన అతని చేతులు
మోచేతుల దాకా ఓక్ బెరడు రంగు.
నా రంగుల పట్టీ విప్పి పక్కన పెట్టి చూశాను, దొంగతనంగా.
పలకకి ప్రభుత్వం ఖాయం చేసిన రంగు
అదే.
తోలు పక్కన తొట్టి చేర్చాను. గబ్బిలం కాస్త నేలకి దిగింది.

మూడోది యూదుల వీధి.
అక్కడ ఇప్పుడు యూదులు లేరు.
రాజాజ్ఞ, ఓడలు, బలవంతపు జ్ఞానస్నానాలు, మార్చుకున్న పేర్లు.
నక్షత్రం గీయమన్నారు ఆఫీసులో.
గీశాను. కాగితం మీద అది
ఎవరి ఛాతీకో కుట్టినట్టు కనిపించింది.
చించేశాను.

ఆ వీధిలో ఏడో గుమ్మం
ఇప్పుడు సైకిళ్లు బాగుచేసే ఫిర్మీనో దుకాణం.
కుడివైపు రాతి ద్వారబంధంలో
జానెడు గాడి, ఏటవాలుగా.
ప్రార్థన రాసిన చుట్ట అందులో ఉండేదట.
ఫిర్మీనో అందులో స్క్రూడ్రైవర్ పెట్టుకుంటాడు.
"సరిగ్గా పడుతుంది" అన్నాడు, మొహమాటంగా తీసేస్తూ.
నేను వేలు పెట్టి చూశాను.
అంచులు నున్నగా ఉన్నాయి.
రాయి తనంతట తాను అంత మెత్తబడదు.

గుమ్మం గీశాను. తెల్లగా, వెడల్పుగా.
గాడి ఉన్నచోట ఏమీ గీయలేదు.
తెలుపు పడని ఆ సందులోంచి
పలకే బయటికి చూస్తుంది.

"ప్రింటింగులో తప్పనుకుంటారు" అన్నారు బెలర్మీనో గారు.
స్కేలు పెట్టి కొలిచారు. వేలికంటే లావే.
సంతకం పెట్టారు.

మే నెలలో క్రేను వచ్చి పలకలు పాతింది.
బస్సులో ఊరు దాటుతూ చూశాను, నా పనిని మొదటిసారి.
ఒకటి, రెండు,
ముందు సీట్లో పిల్లాడు కిటికీకి వేలానించి
"అమ్మా, ఆ తలుపుది ఏదో పోయింది" అన్నాడు.
వాళ్లమ్మ తలెత్తేసరికి
వంతెన మీద ఉన్నాం.