జానెడు

నకూరు దాటి పడమరకి పోతే
రోడ్డు ఉన్నట్టుండి కిందికి జారుతుంది.
తెల్లారుజామున, మంచు ఇంకా విడవకముందే
సార్జెంట్ జెరోటిచ్ టేపు కొస ఒకటి నా చేతికిచ్చి
రెండోది పట్టుకుని వాలు వెంట నడిచింది.

తారు మీద బ్రేకు గీత లేదు.
ఎంత వెతికినా లేదు.
"న్యూట్రల్‌లో వదిలేశాడు" అంది, వెనక్కి తిరక్కుండానే.

ఇరవై ఎనిమిది టన్నుల సిమెంటు.
దిగుడంతా ఇంజను ఊపిరి బిగబట్టి దొర్లితే
రెండు లీటర్ల డీజిల్ మిగులుతుంది.
కింద, కంకులు కాల్చే బడ్డీల వెనక
క్యాను పట్టుకుని ఒకడు కాచుకుని ఉంటాడు.
రెండు లీటర్లంటే
ఇంటిల్లిపాదికీ ఓ పూట మొక్కజొన్న సంకటి,
కాస్త ఆకుకూర.

లారీ ముందు పద్నాలుగు సీట్ల మటాటు.
మటాటు ముందు, రాత్రి నుంచీ చెడిపోయి నిలబడ్డ ట్రెయిలర్.
దానికి వెనక దీపం లేదు,
జాగ్రత్త చెప్పడానికి రోడ్డు మీద పరిచిన నాలుగు కొమ్మలు
అప్పటికే నలిగి తారులో కలిసిపోయాయి.

ఫారం నింపుతున్నాను.
వేళ. వాలు. మంచు. బరువు. వేగం, తెలియదు.
బెల్టులు: ఉన్నాయి, సీటు కిందికి దోపి.
తీవ్రత అన్న చోట మూడు గళ్లు.
స్వల్పం, తీవ్రం, ప్రాణాంతకం.

జెరోటిచ్ ట్రెయిలర్ వెనక వంగి
అడ్డకమ్మీ ఎత్తు కొలిచింది.
మళ్లీ కొలిచింది.
టేపు వదిలేసి, బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా
చెయ్యి చాపి చూపించింది.
"ఇంత. ఇంత కిందికి బిగించి ఉంటే
కమ్మీ బంపర్‌కి తగిలేది.
కాళ్లు విరిగేవి."

కమ్మీ అద్దానికి తగిలింది.

రెండో గడిలో పడాల్సిన టిక్కు
మూడో గడిలో పెట్టాను.
ఆరుసార్లు.

డ్రైవరు వఫూలా బతికే ఉన్నాడు.
గట్టు మీద కూర్చుని, సిమెంటు పట్టిన మొహంతో
రెండు చేతులూ పొట్టకి అదుముకుని.
దెబ్బేం లేదన్నారు.
జానెడు పొట్ట.
ఎవరో టీ ఇస్తే పక్కన పెట్టుకున్నాడు, తాగలేదు.

టేపు చుడుతున్నాం.
ఎండ పొడిచింది. రోడ్డు తెరిచారు.
పైనుంచి ఇంకో లారీ వస్తోంది, నిండు బరువుతో.
జెరోటిచ్ నా మోచెయ్యి పట్టి ఆపింది.
"విను."

టైర్ల చప్పుడు వినిపిస్తోంది.
ఇంజనుది లేదు.