రెండు దినాల ప్యాకేజీ

కాణిపాకం, కాళహస్తి, శ్రీపురం:
కండ్లు మూసుకొని రాసిచ్చేస్తా.
ఎక్కడ టిఫిను, ఎక్కడ బాత్రూము,
ఏ మలుపు కాడ పిల్లోళ్ళు వాంతి చేసుకుంటారో కూడా.
తిరుపతి బస్టాండుకు ఎదురుగా ఆరడుగుల కొట్టు,
ఇరవై రెండేండ్ల అనుభవం.

ఆ పొద్దు కుసుమ వచ్చింది,
మా తోడల్లుడు దొరస్వామి కూతురు.
కరకంబాడి దావలో బ్యాటరీల ఫ్యాక్టరీలో ఇంజనీరు.
"చిన్నాయనా, లా పాజ్ పోతాండా.
ఉప్పు ఎడారిలో లిథియం పని.
దానికి ముందు రెండు దినాలు ఊరికే ఉండాల.
ఏమేమి చూడాల్నో రాసియ్యి" అనింది.

నేను పోయిన దూరం మద్రాసు.
అయినా కొట్లోకొచ్చిన బేరాన్ని
తెలీదని పంపించింది లేదు.
రాత్రంతా మావోడి ఫోన్లో వెతికి
తెల్లారి ఎప్పటి రసీదు పుస్తకంలోనే రాసినా.

మొదటి దినం.
దిగినాక గబగబా నడవద్దు.
మన కొండను నాలుగుసార్లు ఒకదానిమీదొకటి పేరిస్తే
ఆ ఊరి వీధి అరుగు.
లాడ్జీలో ఏదో ఆకు టీ ఇస్తారంట, తాగు.
మోకాళ్ళ పర్వతం ఎక్కే ముసలామె మాదిరి
పదడుగులకొకసారి కూర్చో. సిగ్గుపడద్దు.

మధ్యాహ్నం తీగల మీద పొయ్యే పెట్టెలు.
అక్కడ సిటీ బస్సంటే అదేనంట.
ఎవరి మిద్దె మీదో ఆరేసిన లంగాలు
నీ కాళ్ళకింద రెపరెపలాడతా పోతాయి.
ఊరి బతుకు తెలియాలంటే
ముందరి వాకిళ్ళు కాదు, మిద్దెలు చూడు.

రెండో దినం మంత్రగత్తెల అంగడి.
ఎండిన లామా పిల్లల్ని వేలాడగట్టి అమ్ముతారు,
కొత్తిల్లు కట్టేవాళ్ళు పునాదిలో పెట్టుకునేదానికి.
భయపడద్దు.
మనం వాకిట్లో బూడిదగుమ్మడికాయ కట్టడం లేదా?
సగానికి సగం బేరమాడు.

చెప్పులకు, సామానుకు మీరే బాధ్యులు.
అది ముందే అచ్చేసిన మాట,
కొట్టేసేది మరిచిపోయినా.

"ఎంతియ్యాల?" అనింది నవ్వి.
"వచ్చినాక ఇయ్యి, బాగుంటేనే."

ఇరవై దినాలకు వచ్చింది,
పెదవులు పగిలి, ముక్కు తోలు లేచి.
"మొదటి దినం మంచమే చూసినా చిన్నాయనా,
తల పగిలిపోయింది.
రెండో దినం నీ కాగితం రూములో మరిచిపోయి
ఊరికే కిందికి నడిచినా."

మెట్లవీధి మలుపులో ఒక అవ్వ,
తలమీద గుండ్రటి టోపీ, ఒకదానిమీదొకటి ఎన్ని లంగాలో.
ముందర కుప్పలు:
ఊదారంగు ఉర్లగడ్డలు, నల్లవి, వేలంత వంకరవి,
వాటి పక్కన చెనక్కాయలు.
"మన చెనక్కాయలే చిన్నాయనా!"
డబ్బాతో కొలిచి పోసిందంట.
పోసినాక ఒక పిడికెడు పైన వేసి, ఏదో మాటన్నిందంట,
"యాపా" అని.
కుసుమకు ఆ భాష రాదు.
పిడికిలి చూస్తానే తెలిసిపోయింది:
కొసరు.

పొట్లం బల్లమీద పెట్టింది.
"కొలిచింది దావలో తినేసినా. నీకు కొసరు మిగిలింది."

ఒకటి ఒలిచినా.
అదే ఎర్రపొర, అదే మొన.
మా నాయన మూడేండ్లు వరసగా
వానకు మొగం చూసి ఎండబెట్టుకున్న కాయ.
ఊరిబిండిలో, సంగటి పక్కన, చావు ఇంట్లో, పెండ్లిలో
మాతోనే పుట్టిందనుకున్న కాయ.
పుట్టిల్లు ఆ పక్కదంట.
ఎప్పుడొచ్చిందో, ఏ ఓడ మూలలో కూర్చొని వచ్చిందో,
దానికెవరు రాసిచ్చినారో ప్యాకేజీ,
వచ్చింది మాత్రం తిరిగి పోలేదు.

విత్తేదానికి రెండు దాచిపెడదామనుకున్నా.
వేయించినవి.
నాలుగు తిని, మిగిలినవి సొరుగులో పెట్టినా.

అంతలో మహబూబ్‌నగర్ వాళ్ళు ఏడుమంది,
గుండ్లు, గంధాలు, చంకలో నిద్రపోయే పిల్ల.
"కాణిపాకానికి ఎంత?"
చెప్పినా. రసీదు కోసిచ్చినా.
"దిగినాక గబగబా నడవద్దండీ" అన్నా.
వాళ్ళు ఒకరి మొగాలొకరు చూసుకున్నారు.
పెద్దామె చేతిలో ఒక చెనక్కాయ పెట్టినా.
ఆమె చిల్లర లేదేమో అనుకొని
మారు మాట్లాడకుండా కొంగులో కట్టుకుంది.