ఎడమ పక్క ఎర్ర చుక్క

పదకొండు శీతాకాలాల మంచు మందం
ఒక నల్ల పెట్టెలో దాచాను.
ఔలు నది మీద ప్రతి ఆదివారం
బెజ్జం వేసి, కర్ర దించి, కొలిచి.

నిన్న పక్కింటి వెయ్కో వచ్చి
పళ్లెంలా పల్చటి కొత్తదాన్ని బల్ల మీద పెట్టాడు.
నా కాఫీ చల్లారేలోపు
అందులోవన్నీ ఇందులోకి ఎక్కించేశాడు.

"దీన్లో కిటికీ మూయాలంటే ఎడమ పక్క, ఐలా.
అదుగో, ఎర్ర చుక్క."

ఇన్నేళ్లూ కుడి మూలకి పరిగెత్తిన బాణం
ఇప్పుడూ అక్కడికే పోయి
ఇల్లు మారిన సంగతి మరిచిన తాగుబోతులా
పాత గుమ్మం ముందు నిలబడుతోంది.

కాపీ చేయడానికి చిటికెన వేలు అక్కర్లేదట,
బొటనవేలట.
ఆ మాట చిటికెన వేలికి ఎవరు చెబుతారు?

రాత్రి ఫైళ్లు తెరిచి చూసుకున్నాను.
ఒక్క అంకె పోలేదు.
పుట్టిన తేదీ గడిలో మాత్రం
అన్నిటికీ నిన్నే.
రిస్తో మంచుబండి మునిగిన ఏడూ,
మే నెలదాకా నది కదలని ఏడూ
నిన్న సాయంత్రం ఐదింటికి
ఒకే కాన్పులో పుట్టాయి.

"లోపల సరిగ్గానే ఉందిగా" అన్నాడు వెయ్కో.
ఉంది. కాదనలేదు.

పాతది గోడవార, వైర్లు ఊడి.
దాని ఫ్యాను రొద ఆగాక తెలిసింది,
ఈ ఇంట్లో ఫ్రిజ్ కూడా మూలుగుతుందని.

ఇవాళ ఆదివారం.
నలభై మూడు సెంటీమీటర్లు.
చేతి తొడుగు ఒకటే తీసి, టైపు చేసి,
మూయబోతే
బాణం మళ్లీ కుడికే వెళ్లింది.

అక్కడేం లేదు, వట్టి బూడిద రంగు.
కాసేపు ఉండనిచ్చాను.